నేను బిగించని రెండు నట్లు

ఆఫీసు నుంచి రాగానే మా నాన్న కాఫీ గ్లాసు పట్టుకోలేకపోయేవారు. అరగంట సేపు ఇంజను సైకిలు హ్యాండిలు పట్టుకున్న చేతులు కదా, వేళ్ళ నిండా జివజివలాడుతూ ఉండేవట. అరచేతులు రెండూ తొడల మీద బోర్లించుకుని గుమ్మం పక్కన బల్ల మీద కూర్చునేవారు. "ఇంకా బండి మీదే ఉన్నట్టుందే" అనేవారు అమ్మతో. అమ్మ గ్లాసు మీద మూత పెట్టి పక్కన ఉంచేది.

ఇంజను సైకిలంటే ఇప్పటివాళ్ళకి తెలియకపోవచ్చు. మామూలు సైకిలుకే మధ్య గొట్టం కింద చిన్న ఇంజను తగిలించి, సీటు వెనక ఒక చిన్న పెట్రోలు టాంకు పెట్టి, వెనక చక్రానికి రెండో చైను వేసేవారు. కాస్త దూరం తొక్కితే ఇంజను అందుకునేది. అక్కణ్ణించి తొక్కక్కర్లేదు. నాన్నకి మోకాళ్ళ నొప్పులు. అశోక్ నగర్ నుంచి సుల్తాన్ బజార్ అవతల ఉన్న ఆఫీసుకి రోజూ తొక్కుకుంటూ వెళ్ళలేక, రిటైరైన ఒక తోటి గుమాస్తా దగ్గర ఆ బండి తీసుకున్నారు.

దానితో ఒకటే చిక్కు. అది వణుకుతుంది. సైకిలు చట్రం మనిషి కాళ్ళ బలానికి సరిపడేట్టు చేసింది. ఇంజను వణుకుడికి అది ఆగదు. పొద్దున బిగించిన నట్టు సాయంత్రానికి వదులైపోయేది. కొన్న నెలలోనే సైలెన్సరు చిక్కడపల్లి రోడ్డు మీద ఊడిపడింది. వెనకాల వస్తున్న రిక్షా అతను కాలిపోతున్న దాన్ని తువ్వాలులో చుట్టి తెచ్చిచ్చాడు. ఇంకో రోజు చైను మీద రేకు ఊడి, ఇల్లు చేరేదాకా గలగలమంటూనే ఉంది.

అప్పుడే నాన్న ఆ బండిని చిక్కడపల్లిలో లైబ్రరీకి కాస్త ఇవతల ఉన్న సైకిల్ టాక్సీకి తీసుకెళ్ళారు. గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికిచ్చే కొట్లను మా ఊళ్ళో అలాగే అనేవాళ్ళు. ఆ కొట్టు నడిపే మనిషి పాలమూరు జిల్లా నుంచి పెళ్ళానితో కలిసి కట్టుబడి పనికి వచ్చినవాడు. ఆయన ఇటుకలు మోశాడు, ఆమె సున్నం తట్టలు మోసింది. ఒక పక్క కూలి చేస్తూనే సాయంత్రాలు సైకిల్ పని నేర్చుకుని, ఏళ్ళ తర్వాత ఆరు సైకిళ్ళతో సొంత కొట్టు పెట్టుకున్నాడు. కొట్టు పెట్టాక పెళ్ళాన్ని కూలికి పంపలేదు. ఆ మాట గర్వంగా చెప్పుకునేవాడు. మేమంతా ఆయన్ని మేస్త్రీ అనేవాళ్ళం.

ఆ రోజు నాన్నతో నేనూ వెళ్ళాను. మేస్త్రీ బండి చుట్టూ తిరిగి, అక్కడక్కడా చేత్తో కుదిపి చూసి, "రిపేరేం లేదు సార్. దినాం పొద్దుగాల నట్లు పట్టుకోవాలె, లూజుంటె బిగియ్యాలె. గంతే" అన్నాడు.

"నాకు వంగడం కాదు. చత్వారం కూడా" అన్నారు నాన్న.

మేస్త్రీ నావైపు చూశాడు. "మరి ఈ బిడ్డ?"

"ఆడపిల్లకి పానా ఎందుకయ్యా?"

"బండి నడవాల్నంటె ఇంట్ల ఒక్కరికన్న రావాలె కద సార్."

అప్పుడు నాకు పద్దెనిమిదేళ్ళు. పానా ఎప్పుడూ ముట్టుకోలేదు. మేస్త్రీ నన్ను నేల మీద గొంతుక్కూర్చోబెట్టి ఒక్కో నట్టూ చూపించాడు. ఇంజను పట్టీలకి నాలుగు, సైలెన్సరుకి ఒకటి, టాంకుకి రెండు, వెనక కారియరుకి రెండు, ముందు మడ్‌గార్డు కడ్డీలకి చక్రం దగ్గర అటొకటి ఇటొకటి. మొత్తం పదకొండు.

"పానా ఏసి జర తిప్పి చూడు. కదిలిందంటె లూజున్నట్టు. కదల్లేదంటె ఊకో. బలముంది గద అని గుంజకు, నట్టు లోపలి మర అరిగిపోతది."

తర్వాత సన్నటి కుంచెతో ప్రతి నట్టు మీదా, దాని బోల్టు మీదా కలిపి ఒక ఎర్ర రంగు గీత గీశాడు. నట్టు తిరిగితే గీత విరిగి రెండు ముక్కలుగా కనిపిస్తుంది. ఎంత తిరిగిందో కూడా తెలుస్తుంది. "పానా ఎయ్యక ముందే కండ్లతోనే సూడొచ్చు" అన్నాడు.

నాకు ఆ పని నచ్చింది. ఇంట్లో నేను చేసే మిగతా పనులన్నీ అమ్మ పనిలో ముక్కలే. ఇది మాత్రం అచ్చంగా నాది. రోజూ నాన్న స్నానం చేస్తుండగా వాకిట్లో పాత గోనెపట్టా పరుచుకుని, ఇంజను దగ్గర మొదలుపెట్టి ముందు చక్రం దగ్గర ముగించేదాన్ని. నాన్న చొక్కా గుండీలు పెట్టుకుంటూ బయటికొచ్చి, "అన్నీ చూశావా అమ్మాయ్?" అని అడిగేవారు. "చూశాను నాన్నా" అనేదాన్ని. ఇంచుమించు ఏడాది పాటు ఆ మాట నిజమే.

అది అరవై తొమ్మిదో సంవత్సరం. ప్రత్యేక రాష్ట్రం కావాలని ఊరంతా అట్టుడికిపోతోంది. నారాయణగూడలో నేను బి.ఏ. చదువుతున్న కాలేజీ గేటుకి నెలల తరబడి తాళం పడింది. మేము ఉమ్మడి రాష్ట్రం ఏర్పడ్డాక నాన్న ఉద్యోగంతో పాటు కోస్తా నుంచి వచ్చినవాళ్ళం. అప్పుడు నాకు ఆరేళ్ళు. ఈ గొడవలు రాకముందు నేను ఏ ఊరిదాన్నని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆ ఏడు మాత్రం అమ్మ కూరగాయల దగ్గర గొంతు తగ్గించి మాట్లాడేది, యాస వినపడకుండా. మేము అద్దెకున్న ఇంటి ముందు భాగంలో ఉండే ఇంటాయన కూడా మా వైపు వారే. రిటైరైన పెద్ద ఉద్యోగి. సాయంత్రం పూట వాకిట్లో కుర్చీ వేసుకుని, "ఎవరినీ నమ్మే రోజులు కావివి" అని నాన్నతో అంటూండేవారు. అవతలివాళ్ళ కోపానికి కారణాలున్నాయని నాకు తర్వాత చదువుకున్నాక తెలిసింది. అప్పుడు మా వాకిట్లో ఉన్నది భయమొక్కటే.

మేస్త్రీ ఆ సంగతులేవీ మా ముందు ఎత్తేవాడు కాదు. ఎప్పుడైనా అటు వెళ్తే, "నట్లు బిగిస్తున్నవా బిడ్డా?" అని మాత్రం అడిగేవాడు.

తొలకరి పడ్డాక ఒక సోమవారం సాయంత్రం నాన్న ఇంటికొస్తుంటే ముందు చక్రం పంక్చరైంది. మేస్త్రీ చక్రం విప్పి, ట్యూబు మార్చి, మళ్ళీ బిగించాడు. మడ్‌గార్డు కడ్డీలు తిరిగి తగిలించేటప్పుడు గీతకి గీత కలిసేట్టు బిగించి, నాన్నతో కబురు పంపాడు. కొత్తగా బిగించిన నట్టు కుదురుకునేదాకా రెండు మూడు రోజులు వదులవుతుంది, ముందు చక్రం దగ్గర రెండూ పొద్దున్నే తప్పకుండా చూడమని బిడ్డతో చెప్పండి అని. నాన్న చెప్పారు.

మంగళవారం పొద్దున చూశాను. రెండు గీతలూ నిజంగానే కొంచెం విరిగి ఉన్నాయి. బిగించాను. కాబట్టి తెలియక చేసిన తప్పని చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

బుధవారం పొద్దున వారపత్రిక లైబ్రరీకి వచ్చే రోజు. అందులో వచ్చే ఒక సీరియల్ కోసం నాలాంటి వాళ్ళు పదిమంది కాచుకుని ఉండేవాళ్ళం. తలుపు తీసే వేళకి వెళ్ళి అందుకోలేకపోతే మధ్యాహ్నం దాకా ఇంకొకరి చేతులకేసి చూస్తూ కూర్చోవాలి. ముందు వారం అలాగే అయింది. కాలేజీ లేక, లైబ్రరీకి తప్ప ఇల్లు కదలక, నాకు ఆ నాలుగు పేజీలే లోకంగా ఉన్న రోజులు. ఆ పొద్దున చినుకులు పడుతున్నాయి. గోనెపట్టా తడిసింది. ఇంజను పట్టీలు, సైలెన్సరు, టాంకు, కారియరు చూశాను. తొమ్మిది అయ్యాయి. ముందు చక్రం గోడవైపు ఉంది. దాన్ని చూడాలంటే బండి తిప్పి నిలబెట్టాలి. చేతులు కడుక్కోవాలి, జడ వేసుకోవాలి. నిన్ననే కదా బిగించాను అనుకున్నాను. పానా తుడిచి సంచిలో పెట్టేశాను.

నాన్న బయటికొచ్చారు. "అన్నీ చూశావా అమ్మాయ్?"

"చూశాను నాన్నా."

ఆయన వెళ్ళిన పది నిమిషాలకి నేను లైబ్రరీకి పరిగెత్తాను. పత్రిక నాకే దొరికింది. ఆ వారం కథలో ఏం జరిగిందో ఇప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

మధ్యాహ్నం ఎండ కాసే వేళకి ఇంటికొస్తే వాకిట్లో రిక్షా ఆగి ఉంది. మెడలో టేపు వేసుకున్న దర్జీ ఒకతను నాన్నని చంక కింద పట్టుకుని దించుతున్నాడు. నాన్న చొక్కా ముందు భాగమంతా బురద, గడ్డం మీద రక్తం. కుడి చెయ్యి మోచేతి దాకా తెల్లటి పిండికట్టులో ఉంది. అమ్మ గడపలో నిలబడిపోయింది.

"నారాయణగూడ చౌరస్తా కాడ పడ్డడమ్మా. ముందటి చక్రం పట్టేసింది. హ్యాండిలు మీదికెల్లి ఎగిరి పడ్డడు" అన్నాడు దర్జీ. ఆయన కొట్టు అక్కడే. కొట్టు వదిలేసి, ఆస్పత్రిలో పిండికట్టు వేయించి, ఇంటిదాకా తీసుకొచ్చాడు. బండిని వేరే రిక్షాలో వేయించాడు. నీళ్ళు కూడా తాగకుండా వెళ్ళిపోయాడు.

నాన్నని పడుకోబెట్టాక నేను బండి దగ్గరికి వెళ్ళాను. ముందు మడ్‌గార్డు కుడి కడ్డీ చక్రంలో దూరి, చువ్వలు నాలుగు వంగిపోయి ఉన్నాయి. ఆ వైపు నట్టూ బోల్టూ లేవు. ఎడమ వైపు చూశాను. నట్టు ఉంది. ఎర్ర గీత సగం పైకి, సగం కిందికి పోయి ఉంది. అర చుట్టు తిరిగింది. నిన్న సాయంత్రానికే అది అలా తిరిగి ఉండాలి. ఇవాళ పొద్దున కళ్ళతో చూసినా తెలిసేది.

వేలితో తిప్పి చూశాను. చేతికే తిరిగింది. కొంగుతో ఆ గీత తుడిచెయ్యాలనిపించింది కూడా. అది రంగు, పోదు.

లోపల ఇంటాయన నాన్న మంచం పక్కన కూర్చుని ఉన్నారు. "ఎలా పట్టేసిందండీ చక్రం?" అని అడుగుతున్నారు.

"మడ్‌గార్డు కడ్డీ ఊడినట్టుంది" అన్నారు నాన్న.

"మొన్న సోమవారం వాడు విప్పింది ముందు చక్రమే కదా?"

"అవును, ముందు చక్రమే" అన్నారు నాన్న.

"ఇంకేం మరి! సరిగ్గా బిగించలేదు. కావాలనే చేశాడేమో కూడా. ఈ రోజుల్లో ఎవరి మనసులో ఏముందో ఎవరికి తెలుసు?"

"అబ్బే, అలాంటివాడు కాదండీ" అన్నారు నాన్న నీరసంగా. "అజాగ్రత్త అయి ఉంటుంది."

నేను తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. చెప్పాల్సింది అప్పుడే. నాన్న నొప్పితో ఉన్నారు, ఇప్పుడొద్దు, సాయంత్రం చెబుదాం అనుకున్నాను. సాయంత్రానికి ఇంటాయన ఇంకో ఇద్దరిని వెంటపెట్టుకుని చిక్కడపల్లి వెళ్ళి, నడిరోడ్డు మీద మేస్త్రీని నానా మాటలూ అని వచ్చేశారు. కొట్టు ముందు జనం మూగారట. మేస్త్రీ ఏమన్నాడని అమ్మ అడిగింది. "ఏమంటాడు? సార్‌కెట్లున్నది అని ఒకటే మాట. నంగనాచి" అన్నారు ఇంటాయన. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైపోయింది.

మూడో రోజున నాన్న నన్ను పిలిచి కార్డు తెమ్మన్నారు. బాపట్లలో ఉన్న మా మేనత్తకి ఆయన వారం వారం కార్డు రాసేవారు. ఆఫీసులో ఎవరికి మంచి కాపీ కావాలన్నా నాన్న దగ్గరికే వచ్చేవారు. ఆయన అక్షరం అంత గుండ్రంగా, ముత్యంలా ఉండేది. ఇప్పుడా చెయ్యి దిండు మీద పిండికట్టులో ఉంది.

"నేను చెప్తాను, నువ్వు రాయి" అన్నారు.

కుశల ప్రశ్నలయ్యాక, "బండి మీద నుంచి పడి చెయ్యి విరిగినది. కంగారు పడవలసినది లేదు" అని చెప్పారు. రాశాను. "సైకిలు మేస్త్రీ చక్రము సరిగా బిగించకపోవుటచే ఇట్లు జరిగినది" అన్నారు.

నా కలం ఆగింది.

"రాశావా?"

"రాస్తున్నాను."

రాశాను. నా చేత్తో, ఒక్క అక్షరం తప్పు లేకుండా. నాన్న కార్డు పైకెత్తి పట్టుకోమని చదువుకుని, "నీ దస్తూరీ బాగుపడుతోందే" అన్నారు. నేను వీధి చివర డబ్బాలో కార్డు వేసి వచ్చి, పెరట్లో నూతి గట్టు దగ్గర కూర్చుని ఏడ్చాను. నాన్న బాధ చూడలేక ఏడుస్తున్నాననుకుని అమ్మ నా తల నిమిరింది. అది ఇంకా భరించలేకపోయాను.

ఆదివారం పొద్దున మేస్త్రీ మా ఇంటికి వచ్చాడు. ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని, చేతిలో నాలుగు బత్తాయిలతో వచ్చాడు. ఇంటాయన ముందు వాకిట్లోనే అడ్డుకున్నారు. నాన్న లోపలి నుంచి "రానివ్వండి" అన్నారు. మేస్త్రీ గుమ్మంలో చెప్పులు విడిచి, పండ్లు అమ్మకిచ్చి, నాన్న చేతికేసి చాలాసేపు చూశాడు.

"బండి ఒక్కపారి జూస్త సార్" అన్నాడు.

బండి గోడకి ఆనించి ఉంది. ఎవరూ ముట్టుకోలేదు. మేస్త్రీ దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. వంగిన కడ్డీ చూశాడు. తర్వాత ఎడమ వైపుకి వచ్చి, ఎర్ర గీత మీద బొటనవేలు పెట్టి తడిమాడు. నాకు తెలిసిపోయింది, ఆయనకీ తెలిసిపోయిందని. అశోక్ నగర్ నుంచి నారాయణగూడ వెళ్ళేలోపల నట్టు అర చుట్టు తిరగదు.

తలెత్తి నన్నే చూస్తూ, "ఆ దినం పొద్దుగాల నట్లు పట్టినవా బిడ్డా?" అన్నాడు.

నేను నోరు విప్పేలోపల నాన్న మంచం మీద నుంచి అందుకున్నారు. "మా అమ్మాయి ఒక్క రోజు కూడా మానదయ్యా. ఆ రోజు కూడా నేను అడిగాను. చూశానంది."

ఇంటాయన "విన్నావా?" అన్నారు.

మేస్త్రీ ఇంకా నన్నే చూస్తున్నాడు. నేను నేలకేసి చూశాను. ఆయన లేచి చేతులు దులుపుకున్నాడు.

"అయితె నాదే తప్పుంటది సార్" అన్నాడు. "మనిషి చెయ్యి కద. ఎక్కడ్నో యాది మరిచిన."

చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆ బత్తాయిలు అమ్మ రసం తీసి నాన్నకిచ్చింది. నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. తాగలేదు.

ఆ తర్వాత జరిగింది నా కళ్ళ ముందే జరిగింది. మా వీధుల్లో సగం మంది ఆయన దగ్గరే సైకిళ్ళు బాగుచేయించుకునేవారు. సెలవుల్లో పిల్లలకి సైకిళ్ళు కిరాయికి తెచ్చేది అక్కణ్ణించే. ఇంటాయన చెప్పిన మాట ఇల్లిల్లూ తిరిగింది. తిరిగే కొద్దీ పెరిగింది. మొదట సరిగ్గా బిగించలేదన్నారు. తర్వాత కావాలని వదులు చేశాడన్నారు. కోస్తావాళ్ళ బండ్లన్నిటికీ అలాగే చేస్తున్నాడని చివరికి ఎవరో అన్నారు. నేను లైబ్రరీకి వెళ్ళడం మానలేదు గాని ఆ కొట్టు ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి చుట్టు తిరిగి వెళ్ళేదాన్ని. ఒకసారి సందు మలుపులోంచి తొంగి చూశాను. కిరాయి సైకిళ్ళు ఆరూ వరసగా నిలబడే ఉన్నాయి. మేస్త్రీ బల్ల మీద ఖాళీగా కూర్చుని రోడ్డు చూస్తున్నాడు. ఇంకో నెల తర్వాత చూస్తే ఆ కొట్టులో ఎవరో కిరాణా సామాను సర్దుకుంటున్నారు.

మేస్త్రీ ఎక్కడికి వెళ్ళాడని అడిగితే, బాగ్ లింగంపల్లి అవతల బస్తీలో ఉంటాడు, చెట్టు కింద పంక్చర్లు వేసుకుంటున్నాడు అని చెప్పారు.

ఆ రోజే వెళ్ళాను. అమ్మతో లైబ్రరీకని చెప్పాను. అబద్ధాలు చెప్పడం అప్పటికి నాకు తేలికైపోయింది. బస్తీలో అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాను. మేస్త్రీ లేడు. కాసేపటికి ఆయన భార్య వచ్చింది. ఆమెను కొట్టు దగ్గర ఒకటి రెండుసార్లు చూశాను. మధ్యాహ్నం సద్ది తెచ్చేది, ఎప్పుడూ శుభ్రమైన చీర. ఇప్పుడు నెత్తి మీద తట్ట, చుట్టకుదురు. మోచేతుల దాకా సున్నం. ఎక్కడో ఇల్లు కడుతుంటే పనికి వెళ్ళి వస్తోంది.

నన్ను గుర్తుపట్టింది. తట్ట దించి, "ఏందమ్మా, ఇంక ఏం మిగిలింది మా దగ్గెర?" అంది.

"అక్కా, మేస్త్రీతో ఒక మాట చెప్పాలి."

"నాతోని చెప్పు. ఆయనకు చెప్పిన మాటలు చాలు."

ఆమెకే చెప్పాను. ఆ రెండు నట్లు నేను చూడలేదని, చూశానని నాన్నతో అబద్ధం చెప్పానని, మేస్త్రీ తప్పేమీ లేదని. చెబుతూ ఉంటే నా గొంతు నాకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. ఆమె వింది. చేతుల మీది సున్నం గోటితో గీరుకుంటూ వింది. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకుంది.

మేస్త్రీ చెట్టు కింద ఉన్నాడు. అక్కడికి వెళ్ళి ఆయనకీ చెప్పాను.

"తెలుసు" అన్నాడు ట్యూబు మీద నుంచి కళ్ళు ఎత్తకుండానే. "గీత చూసిన్నాడే తెలిసింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"మీ నాయన ముంగట నిన్ను అబద్ధాల దాన్ని చేస్తె నాకేమొస్తది? ఆయనకు నీ మీద ఎంత నమ్మకమో చూసిన. నువ్వే చెప్తవనుకున్న. ఇయ్యాల చెప్తది, రేపు చెప్తది అని చూసిన." ట్యూబు పక్కన పెట్టాడు. అప్పుడు చూశాడు నన్ను. అంత కోపం ఆయన ముఖంలో ఎప్పుడూ చూడలేదు. "రెండు నెలలు ఎట్ల ఊకున్నవ్ బిడ్డా? నట్టు పట్టకపోవుడు ఏం పెద్ద తప్పు? నేను కూడ మరుస్త. అందరు మరుస్తరు. కాని రెండు నెలలు ఎట్ల ఊకున్నవ్?"

నేను ఆయన పక్కన పడి ఉన్న పానాకేసి చూశాను.

"నాకు చెప్పుడు కాదు. మీ నాయనకు చెప్పు. పో" అన్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి నాన్న భోజనానికి కూర్చున్నారు. ముందు వారమే పిండికట్టు తీశారు. ఎముక అతుక్కుంది గాని మణికట్టు కొంచెం పక్కకి ఒరిగిపోయింది. ఎడమ చేత్తో చెంచాతో తింటున్నారు. అమ్మ ముందే చెప్పేశాను. మళ్ళీ అదే వరసలో, బుధవారం పొద్దున నుంచి బాగ్ లింగంపల్లి దాకా. అమ్మ "అయ్యయ్యో" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాన్న చెంచా కింద పెట్టారు.

కొడతారేమో అనుకున్నాను. తిడతారేమో అనుకున్నాను. ఆయన కంచం వైపే చూస్తూ, "ఉత్తరంలో కూడా రాశావు కదే" అన్నారు. అంతే. లేచి చెయ్యి కడుక్కున్నారు.

మర్నాడు పొద్దున నాన్న ఆఫీసు మానేసి, మోకాళ్ళ నొప్పులతోనే బాగ్ లింగంపల్లి దాకా నడిచి వెళ్ళారు. నన్ను రమ్మనలేదు. నేనే కొంచెం వెనకగా నడిచాను. చెట్టు కింద పంక్చరు కోసం ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్ళందరి ముందూ నాన్న, "మేస్త్రీ, తప్పు మాది. నీ మీద వేశాం. క్షమించు" అని ఆ ఒరిగిన చెయ్యి, మంచి చెయ్యి కలిపి దణ్ణం పెట్టారు. మేస్త్రీ గబుక్కున లేచి ఆ చేతులు పట్టుకున్నాడు. "ఏంది సార్, పెద్దమనిషివి" అన్నాడు. చాయ్ తెప్పించాడు. ముగ్గురం నిలబడే తాగాం.

ఆ సాయంత్రం నాన్న ఇంటాయన దగ్గరికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పారు. ఆయన వినలేదు. "ఆడపిల్ల ఏదో మనసు కష్టపెట్టుకుని తన మీద వేసుకుంది. మీరు నమ్మేశారు" అన్నారు. నాన్న మళ్ళీ చెప్పారు. "పోనిద్దురూ, వాడు కాకపోతే ఇంకొకడు" అన్నారు ఇంటాయన. నాన్న ఇంకో పదిళ్ళకి వెళ్ళి చెప్పారు. అందరూ మర్యాదగా విన్నారు. కొందరు నన్ను జాలిగా చూశారు. మేస్త్రీ గురించి అనుకున్న మాట మాత్రం ఎవరి మనసులోంచీ పోలేదు. చిక్కడపల్లి కొట్టు ఎలాగూ చేతులు మారిపోయింది.

మేనత్తకి రెండో కార్డు నాన్న స్వయంగా రాశారు. నేను రాస్తానన్నాను. వద్దన్నారు. విరిగిన చేత్తో రాసిన మొదటి రాత అది. అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడిపోతూ, కొమ్ములు వంకరలు పోతూ ఉన్నాయి. ఆయన వెళ్ళాక చదివాను. "వెనుకటి కార్డులో వ్రాసినది తప్పు. మేస్త్రీ తప్పేమియు లేదు. మేమే నట్లు చూచుకొనలేదు" అని ఉంది. మేమే అని రాశారు. మా అమ్మాయి అని రాయలేదు.

నాన్న దస్తూరీ మళ్ళీ మునుపటిలా రాలేదు. ఆఫీసులో మంచి కాపీలకి ఆయన దగ్గరికి ఎవరూ రావడం లేదని, ఆయన చెప్పకపోయినా, ఒక ఆదివారం ఇంటికొచ్చిన తోటి ఉద్యోగి మాటల్లో తెలిసింది. బండి బాగుచేయించారు. మేస్త్రీ చేతే, చెట్టు కిందే. కొన్నాళ్ళు పొద్దున్నే పీట వేసుకుని, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని, ఎడమ చేత్తో నట్లు ఆయనే చూసుకున్నారు. నేను గడపలో నిలబడేదాన్ని. ఇటివ్వండి నాన్నా అని అడగాలని రోజూ అనుకునేదాన్ని. ఒక రోజు అడిగాను. "వద్దులే, నాకు అలవాటైపోయింది" అన్నారు. కోపంగా అనలేదు. చలికాలం వచ్చేసరికి మోకాళ్ళు సహకరించక బండి అమ్మేసి బస్సు ఎక్కారు.

కాలేజీలు తెరిచారు. నేను బి.ఏ. పూర్తిచేసి ట్రైనింగయ్యి టీచరునయ్యాను. పిల్లలు అబద్ధం చెప్పినప్పుడు నాకు కోపం రాదు. ఎంతసేపట్లో నిజం చెబుతారా అని చూస్తాను. ఎదురుచూడటం ఎంత కష్టమో అప్పుడు నాకు తెలుస్తుంది.

ఉద్యోగంలో చేరిన రెండో ఏట నారాయణగూడ బస్టాపులో మేస్త్రీ, ఆయన భార్య కనిపించారు. ఆయన జుట్టు సగం నెరిసింది. కాచిగూడ వైపు ఇంకొకరి కొట్టులో పనికి కుదిరానని చెప్పాడు. నాన్న చెయ్యి ఎలా ఉందని అడిగాడు. నా ఉద్యోగం సంగతి విని, "మంచిగైంది బిడ్డా" అని నిజంగానే సంతోషపడ్డాడు.

నేను ఆమె వైపు తిరిగి, "బాగున్నావా అక్కా?" అన్నాను.

ఆమె నా ముఖంలోకి ఒకసారి చూసి, బస్సు వచ్చే వైపుకి తల తిప్పుకుంది. మేస్త్రీ ఏదో సర్దిచెప్పబోయాడు. వద్దని నేనే చెయ్యి ఊపాను. బస్సు రాగానే ఆమె ముందు ఎక్కింది. ఆయన ఎక్కి కిటికీలోంచి చెయ్యి ఎత్తాడు. పక్క సీట్లో ఆమె మోకాళ్ళ మీద మూట పెట్టుకుని ఎదురుగా చూస్తూ కూర్చుంది. బస్సు కదిలింది.